ఒమేగా కథ ఎవరు ముగించాలి?

సూపర్ హీరోలకి చావు ఉండదు. చచ్చినా అది సెలవు పెట్టి ఊరెళ్లడం లాంటిదే. అమ్మకాలు తగ్గగానే మళ్లీ డ్యూటీలో చేరతారు. కామిక్స్ అలవాటున్న వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి హీరో నేలకొరిగిన పేజీ చూసి ఎవరూ పెద్దగా చలించరు. కానీ 1977లో మార్వెల్ కామిక్స్ వేసిన ఒక సంచిక చివర్లో ఒక హీరో లాస్ వేగస్‌లో పోలీసుల తూటాలకి పడిపోయాడు. కాల్చింది సూపర్ విలన్ కాదు, రోబో కాదు, మామూలు పోలీసులు. ఆ సంచికతో ఆ సిరీస్ కూడా ఆగిపోయింది. కథ సగంలో ఉండిపోయింది. తర్వాతి ముప్ఫై ఏళ్లలో ఆ కథని వేరేవాళ్లు రెండుసార్లు చేతుల్లోకి తీసుకున్నారు. రెండుసార్లూ దాన్ని మొదలుపెట్టిన వాళ్లకి అందులో చోటు లేదు.

ఆ హీరో పేరు ఒమేగా. సిరీస్ పేరు 'ఒమేగా ది అన్‌నోన్'. పేరుకి తగ్గట్టే స్పైడర్‌మ్యాన్, ఐరన్‌మ్యాన్ సినిమాలన్నీ వరస తప్పకుండా చూసిన వాళ్లలో కూడా ఎక్కువమందికి ఇతనెవరో తెలీదు. నేనిక్కడ ఇతని గురించి రాయడానికి కారణం, మరుగున పడ్డ హీరోని వెలికి తీయాలన్న ఉత్సాహం మాత్రమే కాదు. ఒక రచన మీద ప్రేమ ఉన్నంత మాత్రాన దాన్ని కొనసాగించే హక్కు వస్తుందా అన్న ప్రశ్నని నాకు తెలిసినంతలో ఇంత సూటిగా అడిగే ప్రచురణ చరిత్ర ఇంకొకటి లేదు.

*

మొదటి సంచిక మీద ఉన్న తేదీ 1976 మార్చి. దాదాపు రెండు నెలలకొకటి చొప్పున మొత్తం పది సంచికలొచ్చాయి. పదోది 1977 అక్టోబర్. రాసింది స్టీవ్ గెర్బర్, మేరీ స్క్రీనెస్. బొమ్మలు జిమ్ మూనీ.

కథ వేరే గ్రహం మీద మొదలవుతుంది. ఒకడు రోబోలతో పోరాడుతుంటాడు. అతని జాతిలో మిగిలింది అతనొక్కడే. సరిగ్గా అప్పుడు భూమ్మీద జేమ్స్-మైకేల్ స్టార్లింగ్ అనే పన్నెండేళ్ల కుర్రాడు ఆ పోరాటమే కలగని ఉలిక్కిపడి లేస్తాడు. అమ్మానాన్నలు వాణ్ణి కొండల్లో, బడికి పంపకుండా, తోటి పిల్లల పొడ తగలకుండా పెంచారు. వాడు పాఠ్యపుస్తకంలా మాట్లాడతాడు. ఇక లోకంలోకి తీసుకెళ్లాలని ముగ్గురూ న్యూయార్క్ బయల్దేరతారు. దారిలో ప్రమాదం. కుర్రాడు చూస్తుండగా తెగిపడిన అమ్మ తల మైనంలా కరిగిపోతూ, గొంతులు వినొద్దని వాడికి చెబుతుంది. అమ్మ మనిషి కాదు, రోబో. నాన్నా అంతే.

ఆసుపత్రిలో కుర్రాడికి మెలకువ వస్తుంది. వాడి కోసం వచ్చిన రోబోతో ఆ వేరే గ్రహం మనిషి తలపడతాడు. ఆ గొడవలో కుర్రాడి చేతుల్లోంచి శక్తి దూసుకొచ్చి, అరచేతుల్లో ఒమేగా అక్షరం కాలిన గుర్తులా మిగిలిపోతుంది. ఇద్దరికీ ఏదో సంబంధం ఉంది. అదేమిటో చెప్పరు.

ఇక్కడి నుంచి ఏ కామిక్ అయినా రహస్యం వెంట పరిగెత్తుతుంది. గెర్బర్, స్క్రీనెస్ మాత్రం కుర్రాణ్ణి తీసుకెళ్లి హెల్స్ కిచెన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో పెట్టారు. ఇప్పుడు అద్దెలు మండిపోయే ఆ పేట అప్పట్లో మాన్‌హటన్‌లో పేదల పేట. రూత్ అనే నర్సు, ఆంబర్ అనే ఫొటోగ్రాఫర్ వాణ్ణి చూసుకుంటారు. గవర్నమెంటు బడిలో చేర్పిస్తారు. అక్కడ వాడి మాట తీరు చూసి తన్నే పిల్లలున్నారు, వాడితో స్నేహం చేసే ఒకరిద్దరున్నారు. అటు హీరో అదే ఊళ్లో తాకట్టు కొట్టు నడిపే ఒక ముసలాయన పంచన చేరతాడు. అతను దాదాపు మాట్లాడడు. మనుషులు ఎందుకు కొట్టుకుంటారో, తను ఎందుకు మధ్యలో దూరాలో అతనికి అర్థం కాదు. కొట్టాల్సిన చోట తటపటాయిస్తాడు. అతని తరఫున మాట్లాడేది బొమ్మల మీద పెట్టెల్లో ఉండే వ్యాఖ్యానం మాత్రమే.

ఈ ఏర్పాటులో ఉన్న కొత్తదనం చూడాలంటే సూపర్ హీరో కథకి పునాది ఏమిటో గుర్తు చేసుకోవాలి. 1940లలో అమెరికాలో పిల్లలు ఎగబడి కొన్న కెప్టెన్ మార్వెల్ కథలో బిల్లీ బాట్సన్ అనే అనాథ పిల్లాడు ఒక మంత్రపు మాట పలుకుతాడు, అంతే, మహాబలుడైపోతాడు. బలహీనుడైన పిల్లాడు, బలవంతుడైన పెద్దవాడు, మధ్యలో ఒక మాట. చదివే పిల్లల కోరిక అక్కడ తీరుతుంది. 'ఒమేగా'లో ఆ పిల్లాడున్నాడు, ఆ బలవంతుడున్నాడు, మధ్యలో ఉండాల్సిన మాట మాత్రం లేదు. పిల్లాడు బడిలో తన్నులు తింటుంటే హీరో ఊరి ఇంకో మూల ఇంకేదో అర్థంకాక నిలబడి ఉంటాడు. జాన్ నెడ్లీ అని జేమ్స్-మైకేల్ స్నేహితుడొకడు ఉంటాడు. అతను తోటి పిల్లల చేతుల్లో దెబ్బలు తిని చివరికి చనిపోతాడు. సూపర్ హీరో ఉన్న ఊళ్లోనే! 1970ల మార్వెల్‌లో ఇంతకంటే కటువైన మాట ఎవరైనా అన్నారా అని నాకు అనుమానం.

జిమ్ మూనీ బొమ్మలు దీనికి బాగా కలిసొచ్చాయి. ఆయన అంతకుముందు చాలా ఏళ్లు డీసీ వాళ్లకి సూపర్‌గర్ల్ కథలు గీసిన మనిషి. శుభ్రమైన, పద్ధతైన, కాస్త పాతకాలపు గీత. అలాంటి గీతలో అమ్మ తల కరిగిపోతుంటే, వింతైన ఆధునిక శైలిలో గీసిన దానికంటే ఎక్కువ ఒళ్లు జలదరిస్తుంది.

అయితే ఇది మార్కెట్లో బతకాల్సిన పుస్తకం. రెండో సంచికలో హల్క్ కనిపిస్తాడు, మూడో దాంట్లో స్పైడర్‌మ్యాన్ శత్రువు ఎలక్ట్రో. కొత్త దుకాణానికి పాత బోర్డు తగిలించడం అన్నమాట. ఏడు, ఎనిమిది సంచికలు వేరే రచయితలు, స్కాట్ ఎడెల్మన్, రోజర్ స్టెర్న్ రాశారు. తొమ్మిదో సంచికకి గెర్బర్, స్క్రీనెస్ తిరిగొచ్చారు. పదోదానికి అంతా అయిపోయింది. మిగతా కథ 'ది డిఫెండర్స్' అనే ఇంకో పత్రికలో వస్తుందని పాఠకులకి మాట ఇచ్చారు.

*

ఆ మాట నిలబెట్టుకోవడానికి మూడేళ్లు పట్టింది. 1980 చివర్లో 'డిఫెండర్స్' 76, 77 సంచికల్లో స్టీవెన్ గ్రాంట్ ఆ కథని ముగించాడు. గెర్బర్ లేడు, స్క్రీనెస్ లేదు.

ఆ రెండు సంచికల్లో అన్ని చిక్కుముళ్లూ విప్పారు. ఒక గ్రహం మీది యంత్రజాతి తన తర్వాత మిగలడానికి మనుషుల్లాంటి కృత్రిమ జీవుల్ని తయారుచేసింది. ఒమేగా వాళ్లలో ఒకడు, జేమ్స్-మైకేల్ ఆ తర్వాతి నమూనా. నిజం తెలిసిన కుర్రాడు అదుపు తప్పి, లోకానికి ముప్పుగా మారి, చివరికి ఎవరికీ హాని జరక్కూడదని తనని తానే దహించుకుంటాడు. ఫైలు క్లోజ్.

గ్రాంట్‌ని తిట్టడం తేలిక. కానీ అతని చేతికిచ్చింది రెండు సంచికలు, అవీ వేరే హీరోల గుంపు కథ మధ్యలో. పని కింద చూస్తే పని పూర్తిచేశాడు. అసలు ఇబ్బంది ఆ పూర్తిచేయడంలోనే ఉంది. పది సంచికల పాటు మనల్ని వెంటాడేది, యంత్రాల చేతుల్లో పెరిగి యంత్రంలా మాట్లాడే ఈ పిల్లాడు మనిషి అవుతాడా అన్న ప్రశ్న. స్నేహితుడు పోయినప్పుడు వాడికి ఏడుపు ఎలా వస్తుంది, అసలు వస్తుందా అన్న ప్రశ్న. దానికి గ్రాంట్ ఇచ్చిన జవాబు, వాడు నిజంగానే ఒక తయారీ వస్తువు అని. నైతికమైన ప్రశ్నకి సాంకేతికమైన సమాధానం వచ్చింది. పిల్లాడు పోస్ట్‌మార్టం రిపోర్టు అయిపోయాడు.

పాఠకులకి రహస్యాలు విప్పి చెప్పడమే రుణం తీర్చుకోవడం అనుకునే అలవాటు సీరియల్ కథల్లో ఎప్పటి నుంచో ఉంది. పెద్ద వెబ్ సిరీస్‌లు ముగిసిన రాత్రి మనమంతా చేసే గోల కూడా అదే: ఫలానా దానికి జవాబు చెప్పలేదేం? ఆ రెండు సంచికలు చదివితే, జవాబు చెప్పేసినా ఎంత నష్టమో అర్థమవుతుంది.

*

ఈలోపు గెర్బర్ ఏం చేస్తున్నాడు? మార్వెల్‌తో పోట్లాడుతున్నాడు. ఒమేగా కోసం కాదు, ఒక బాతు కోసం.

1973లో గెర్బర్, వాల్ మేయెరిక్ కలిసి హోవర్డ్ ది డక్ అనే పాత్రని పుట్టించారు. మనుషుల లోకంలో చిక్కుకుపోయి, చుట్ట కాలుస్తూ, అందరి మీదా విసుక్కునే బాతు. 1976లో సొంత పత్రిక వచ్చేసరికి అది పెద్ద సంచలనమైంది. 1978లో గెర్బర్‌ని మార్వెల్ తీసేసింది. బాతు మాత్రం కంపెనీ దగ్గరే ఉండిపోయింది. గెర్బర్ కోర్టుకెళ్లాడు. కేసు ఖర్చుల కోసం 1982లో 'డిస్ట్రాయర్ డక్' అని ఇంకో బాతు కథ రాస్తే, దానికి జాక్ కర్బీ బొమ్మలు వేసిపెట్టాడు. ఫెంటాస్టిక్ ఫోర్, హల్క్, థోర్ లాంటి పాత్రల సృష్టిలో సగం భాగస్వామి అయిన కర్బీకి కంపెనీ అంటే ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆ ఏడే కేసు రాజీతో ముగిసింది. హోవర్డ్ మీద హక్కు మార్వెల్‌కే ఉండిపోయింది. 1986లో జార్జ్ లూకాస్ నిర్మాణంలో సినిమా కూడా వచ్చింది, ఘోరంగా పోయింది.

ఈ గొడవలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 1996లో జరిగింది. గెర్బర్ ఒకేసారి రెండు కథలు రాశాడు. ఒకటి మార్వెల్‌కి, హోవర్డ్, స్పైడర్‌మ్యాన్ కలిసే కథ. రెండోది ఇమేజ్ కామిక్స్‌కి, డిస్ట్రాయర్ డక్, శావేజ్ డ్రాగన్ కలిసే కథ. రెండూ ఒకే గోడౌన్‌లో, చీకట్లో, బోలెడన్ని నకిలీ హోవర్డ్‌ల మధ్య జరుగుతాయి. ఇమేజ్ కథ చదివితే తేలేది ఏమిటంటే, మార్వెల్ వాళ్లు వెంట తీసుకెళ్లింది నకిలీ బాతుని. అసలు హోవర్డ్ ఈకలకి రంగేసుకుని, పేరు మార్చుకుని, వేరే కంపెనీ పుస్తకంలో స్వేచ్ఛగా బతుకుతున్నాడు. కాగితం మీద హక్కు లేని రచయిత తన పాత్రని గోడ దూకించి తీసుకుపోయాడు!

దీన్ని చిలిపితనం అనుకుని వదిలేయొచ్చు. కానీ పాత్ర అంటే గెర్బర్ దృష్టిలో ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. పాత్ర అంటే పేరూ, బొమ్మా, ట్రేడ్‌మార్కూ కాదు. ఒక ప్రత్యేకమైన మనసు దాన్ని ఊహిస్తున్నంతసేపే అది ఆ పాత్ర. ఆ మనసు పక్కకి తప్పుకుంటే మిగిలేది నకిలీ బాతు.

*

ఇప్పుడు రెండో ప్రయత్నం. ఇది మొదటిదానిలా కొట్టిపారేయగలిగింది కాదు, అందుకే ఇబ్బంది పెడుతుంది.

జొనాథన్ లెథెమ్ 1964లో పుట్టాడు, బ్రూక్లిన్‌లో పెరిగాడు. అంటే 'ఒమేగా' మొదటి సంచిక వచ్చేసరికి పన్నెండేళ్లవాడు, సరిగ్గా జేమ్స్-మైకేల్ ఈడు. టీనేజ్ మొదట్లోనే తల్లిని పోగొట్టుకున్నాడు. 'మదర్‌లెస్ బ్రూక్లిన్' నవలతో పేరు తెచ్చుకున్నాక, 2003లో 'ద ఫోర్ట్రెస్ ఆఫ్ సాలిట్యూడ్' రాశాడు. సూపర్‌మ్యాన్ ఏకాంత నివాసం పేరే ఆ నవలకి పెట్టాడు. 1970ల బ్రూక్లిన్‌లో ఒక తెల్ల కుర్రాడు, ఒక నల్ల కుర్రాడు, ఎగిరే శక్తినిచ్చే ఒక ఉంగరం. ఆ పిల్లలు చదివే కామిక్స్‌లో ఒమేగా కూడా ఉన్నాడు. ఆ నవల చదివితే, పేదపేట బడిలో తన్నులు తినే తల్లిలేని పిల్లాడి కథ లెథెమ్‌కి ఎంత లోపల నాటుకుపోయిందో ఊహించడం కష్టం కాదు.

అలాంటి లెథెమ్‌ని మార్వెల్ వాళ్లు పిలిచి, మా పాత్రల్లో ఏదైనా రాస్తారా అంటే, అతను ఒమేగాని ఎంచుకున్నాడు. 2005లో వార్త బయటికొచ్చింది. గెర్బర్ బాహాటంగానే మండిపడ్డాడు. ముందు తరం రచయితల మీద గౌరవం ఉన్నవాడు వాళ్ల పనిని ముట్టుకోకుండా వదిలేయడం ద్వారానే ఆ గౌరవం చూపించాలన్నది అతని వాదన సారాంశం. తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నారు. లెథెమ్ మనిషిగా మంచివాడేనని గెర్బర్ ఒప్పుకున్నాడు. వాదన మాత్రం మార్చుకోలేదు.

ఈ కథలో అసలు మెలిక ఇక్కడుంది. 2007 ఫిబ్రవరిలో, అంటే కొత్త 'ఒమేగా' మొదలవడానికి కొన్ని నెలల ముందు, లెథెమ్ హార్పర్స్ పత్రికలో 'ది ఎక్స్‌టసీ ఆఫ్ ఇన్‌ఫ్లుయెన్స్' అనే వ్యాసం రాశాడు. కళ అంతా అప్పు తెచ్చుకోవడం మీదే బతుకుతుంది, సంస్కృతి ఊరుమ్మడి చెరువు లాంటిది, కాపీరైట్ కంచెలు దాన్ని ఎండగడుతున్నాయి అని అందులో వాదించాడు. చివర్లో తెలిసే చమత్కారం ఏమిటంటే, వ్యాసంలో వాక్యాలు దాదాపు అన్నీ ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకున్నవే. ఊరందరి కథలూ వాడుకుని పైకొచ్చి, తన కథల్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వని డిస్నీ కంపెనీని అందులో గట్టిగానే తగులుకున్నాడు. మాటలకే పరిమితం కాలేదు కూడా. ఆ ఏడే తన నవల ఒకదాని సినిమా హక్కుని ఉచితంగా ఇస్తానని ప్రకటించాడు. కాబట్టి అతని చిత్తశుద్ధిని శంకించక్కర్లేదు.

ఆ వ్యాసంలో చాలా భాగం నాకు సమ్మతమే. గెర్బర్ మాత్రం ఆకాశంలోంచి తెచ్చాడా? చచ్చిపోయిన గ్రహం నుంచి వచ్చిన చివరి మనిషి సూపర్‌మ్యాన్ నుంచి వచ్చాడు. పిల్లాడికీ హీరోకీ ముడి కెప్టెన్ మార్వెల్ నుంచి వచ్చింది. మ్యాన్-థింగ్, డిఫెండర్స్ లాంటి పరాయి సొత్తు మీద పనిచేసే గెర్బర్ పేరు తెచ్చుకున్నాడు. అప్పు తేవడం తప్పయితే 'ఒమేగా' అసలు పుట్టేదే కాదు.

కానీ ఊరుమ్మడి చెరువు అంటే ఎవరైనా కడవ ముంచుకోవచ్చు. ఒమేగా అలాంటి చెరువు కాదు, కంపెనీ పట్టాలో ఉన్న బావి. కొత్త 'ఒమేగా' రాయడానికి లెథెమ్‌కి అనుమతి ఇచ్చింది సంస్కృతి కాదు, మార్వెల్ ఆఫీసు. ఆ బావి దగ్గరికి రావడానికి అధికారం లేకుండా పోయింది ఎవరికి? అది తవ్విన వాళ్లకి. ఒమేగా నిజంగా ఉమ్మడి సొత్తయి ఉంటే లెథెమ్ తనదొకటి రాసేవాడు, గెర్బర్, స్క్రీనెస్ తమ ముగింపు తాము రాసుకునేవాళ్లు, పాఠకులు రెండూ చదివేవాళ్లు. కాపీరైట్ కంచెకి వ్యతిరేకంగా రాసిన మనిషి అదే కంచె లోపల, దాని గేటు తాళం చెవి ఉన్నవాళ్ల పిలుపు మీద పనిచేశాడు. 2009లో మార్వెల్‌ని డిస్నీ కొనేసింది. ఆ వ్యాసంలో లెథెమ్ వేలెత్తి చూపించిన కంపెనీ చేతికే అతని ఒమేగా కూడా వెళ్లింది.

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకి ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుని ఎవరైనా ఫోర్క్ చేసుకోవచ్చు. మొదట రాసినవాడు కూడా తన దారిన తను కొనసాగించుకోవచ్చు. కంపెనీ కోడ్ అలా కాదు. మనం రాస్తాం, ఉద్యోగం మారతాం, కేటీ ఇచ్చి లాప్‌టాప్ అప్పగించి వచ్చేస్తాం, మన తర్వాత వచ్చినవాడు దాన్ని మార్చుకుంటాడు. దాని కోసం ఎవరూ కుమిలిపోరు, ఎందుకంటే కోడ్‌ని అడిగే ప్రశ్న ఒక్కటే: పనిచేస్తోందా లేదా? కథని అడిగే ప్రశ్న వేరు. అందుకే రెండిటికీ ఒకే రకం ఒప్పందం రాసినప్పుడు కథ రాసినవాడికి మాత్రమే గుండె మండుతుంది.

*

మరి లెథెమ్ పుస్తకం ఎలా ఉంది? చాలా బాగుంది. నిజాయితీగా ఆ మాట చెప్పకపోతే పైన రాసిందంతా ఉక్రోషంలా మిగులుతుంది.

2007 అక్టోబర్ నుంచి 2008 జులై దాకా పది సంచికలొచ్చాయి. పాతదానికి సమానంగా లెక్కపెట్టి పదే. చిన్ననాటి స్నేహితుడు కార్ల్ రుస్నాక్ రచనలో పాలుపంచుకున్నాడు, బొమ్మలు ఫారెల్ డాల్‌రింపుల్, రంగులు పాల్ హార్న్‌ష్మైయర్. మొదటి సంచిక పాత మొదటి సంచికని దాదాపు అడుగడుగునా అనుసరిస్తుంది. కుర్రాడి పేరు ఇప్పుడు టైటస్ అలెగ్జాండర్ ఐలాండ్. కథ మాన్‌హటన్ ఉత్తరపు కొసకి, వాషింగ్టన్ హైట్స్‌కి మారింది. పాత హీరో తాకట్టు కొట్లో చేరినట్టు ఈ మూగ హీరో రోడ్డు పక్క తిండి బండి దగ్గర పనికి కుదురుతాడు. ఆ తర్వాత కథ తన దారి తను పట్టుకుంటుంది.

కొత్తగా వచ్చిన పాత్రల్లో ముఖ్యమైనవాడు మింక్. సొంత బ్రాండు, సొంత బలగం, ఎప్పుడూ కెమెరాలూ ఉన్న హీరో. శత్రువులైన రోబోలు ఇక్కడ అంటువ్యాధిలా, ఊరంతా బ్రాంచీలు తెరిచే వ్యాపారంలా పాకుతాయి. కంపెనీ పుస్తకంలో కూర్చుని కంపెనీ మీదే వేసిన సెటైర్ ఇది. డాల్‌రింపుల్ గీతలో మూనీ శుభ్రత లేదు. వణుకుతున్న, నలిగిన, ఇంట్లో గీసుకున్నట్టుండే గీత. కుర్రాడు అందులో ఇంకా ఒంటరిగా కనిపిస్తాడు.

పదో సంచికలో దాదాపు మాటలుండవు. అంతదాకా పోగేసిన రహస్యాలకి జవాబు చెప్పాల్సిన చోట లెథెమ్ నోరు మూసుకున్నాడు. గ్రాంట్ చేసిన తప్పు అతను చేయలేదు. ముగింపు తన దగ్గర లేదని, ఉన్నట్టు నటించడం మర్యాద కాదని అతనికి తెలిసినట్టే నాకనిపిస్తుంది. పుస్తకం మొత్తంలో గెర్బర్‌కి దక్కిన అసలైన గౌరవం ఆ నిశ్శబ్దమే.

తెలుగు పాఠకులకి ఇక్కడ ఎర్రన గుర్తుకు రాకుండా ఉండడు. నన్నయ భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోయింది. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన ముక్కని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు. నన్నయ ధోరణిలో మొదలుపెట్టి మెల్లగా తిక్కన ధోరణిలోకి తెచ్చి అతుకు కనబడకుండా కలిపాడని పండితులు చెబుతారు. దాన్ని నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. తన పేరూ, తన ప్రభువు పేరూ పక్కన పెట్టి, ముందు కవి చేసినట్టుగానే ఉంచాడు.

ఇంత వినయం అందరికీ సాధ్యమా అన్నది అలా ఉంచితే, ఎర్రనకున్న రెండు వెసులుబాట్లు లెథెమ్‌కి లేవు. ఒకటి, నన్నయకీ ఎర్రనకీ పైన వ్యాసుడున్నాడు. కథ ఎక్కడికి పోవాలో ఊళ్లో అందరికీ తెలుసు, మిగిలింది ఎలా చెప్పాలన్నదే. ఒమేగా కథ ఎక్కడికి పోవాలో ఇద్దరికే తెలుసు, వాళ్లు చెప్పలేదు. రెండోది ఇంకా మామూలు విషయం: ఎర్రన నాటికి నన్నయ పోయి రెండు వందల ఏళ్లు దాటింది. గెర్బర్ బతికే ఉన్నాడు, వద్దని అంటున్నాడు. ఆగిపోయిన రచనని ఎత్తుకోవడానికి ప్రతిభ, ప్రేమ, వినయం ఉంటే చాలదనీ, ఎదురుగా ఉన్న మనిషి సరే అనాలనీ నేను అనుకుంటాను. చట్టం అలా అనుకోదు. ఈ చర్చ కూడా గెర్బర్ ఒక్కడి పేరు మీదే నడిచిందని, పాత సంచికల మీద మేరీ స్క్రీనెస్ పేరు కూడా ఉందని గుర్తుపెట్టుకోవాలి. మన జ్ఞాపకం కూడా ఒక్కోసారి కంపెనీలాగే పనిచేస్తుంది, ఒక పేరు ఉంచుకుని ఇంకోటి వదిలేస్తుంది.

*

కొత్త 'ఒమేగా' ఇంకా నడుస్తుండగానే, 2008 ఫిబ్రవరి 10న గెర్బర్ లాస్ వేగస్‌లో ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. అప్పటికి అరవై ఏళ్లు. మార్చి చివర్లో జిమ్ మూనీ కూడా పోయాడు.

చనిపోయేనాటికి గెర్బర్ డీసీ వాళ్లకి డాక్టర్ ఫేట్ కథ రాస్తున్నాడు, 'కౌంట్‌డౌన్ టు మిస్టరీ' అనే సిరీస్‌లో. చివరి భాగం రాయకుండానే పోయాడు. మళ్లీ అదే సమస్య, ఇంకొకరు ముగించాలి. అప్పుడు వాళ్లొక పని చేశారు. ఆడమ్ బీచెన్, గెయిల్ సిమోన్, మార్క్ ఎవానియర్, మార్క్ వెయిడ్ నలుగురూ నాలుగు ముగింపులు రాశారు. ఆ నాలుగూ ఒకే సంచికలో పక్కపక్కన అచ్చయ్యాయి. ఏదీ అసలుది కాదు. గెర్బర్ అయితే ఇలా ముగించేవాడు అని ఎవరూ దబాయించలేదు. ఈ మొత్తం చరిత్రలో నాకు సబబుగా కనిపించిన కొనసాగింపు ఇదొక్కటే.

'ఒమేగా' పాత పది సంచికల్నీ మార్వెల్ 2005లో ఒక పుస్తకంగా వేసింది. వాటి వెనకే 'డిఫెండర్స్' రెండు సంచికలూ కుట్టేసి ఉంటాయి, కథ అక్కడ ముగుస్తుందన్నట్టు. దొరికితే చదవండి, పదో సంచిక దగ్గర ఆగిపోండి. లాస్ వేగస్‌లో అతను పడిపోయాడు, కుర్రాడికింకా ఏమీ తెలీదు. కొన్నాళ్లు అలాగే ఉండనివ్వండి. ఆ తర్వాత లెథెమ్ పుస్తకం తీయండి. ఒమేగా కథకి ముగింపుగా కాదు, పన్నెండేళ్లప్పుడు ఆ కథ చదివిన ఒక పిల్లాడు పెద్దయ్యాక దాని గురించి ఏమనుకున్నాడో చెప్పే పుస్తకంగా.